పాత ఫ్లోర్‌కి సమానంగా కొత్త గది: క్రాల్‌స్పేస్ మీద చెక్క ఫ్లోర్ ఎలా కట్టాలి

నార్త్ కరోలినాలో మా ఇంటి వెనక గోడకి ఆనించి 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున ఒక గది, దానికే ఒక బాత్రూమ్ కట్టుకున్నాం. మాది క్రాల్‌స్పేస్ ఇల్లు, అంటే నేలకీ ఫ్లోర్‌కీ మధ్య మనిషి పాకేంత ఖాళీ ఉన్న ఇల్లు. మా అత్తయ్యగారు, మామయ్యగారు ఇక్కడికొస్తే ఆర్నెల్లుంటారు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. పడకగదులన్నీ పైనున్న ఇంట్లో వాళ్లని ఎన్నాళ్లని మెట్లెక్కిస్తాం? కేరీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల తెలిసినవాళ్ల ఇళ్లలో కూడా ఇదే మాట వింటుంటాను. కింద ఒక గది ఉంటే బాగుండు అని.

గది కడదామనుకోగానే అందరూ కిటికీల గురించి, టైల్స్ గురించి అడుగుతారు. నేను మాత్రం ముందు ఫ్లోర్ ఎత్తు గురించి అడుగుతాను. పాత ఇంట్లోంచి కొత్త గదిలోకి అడుగుపెట్టే చోట తేడా ఉండకూడదు. అరంగుళం తేడా మనకి తెలియదు, కాలు ఈడుస్తూ నడిచే పెద్దవాళ్లకి అదే చాలు పడిపోవడానికి. వాకర్ చక్రం అక్కడే ఆగుతుంది. చివర్లో ఒక పట్టీ వేసి సర్దేయచ్చంటారు కాంట్రాక్టర్లు. ఆ పట్టీ కూడా తట్టుకునేదే. ఈ సమానత్వం ఫ్లోర్ వేసే రోజున వచ్చేది కాదు, ఫుటింగ్, అంటే గోడల కింద పోసే కాంక్రీటు పునాది, తవ్వకముందు కాగితం మీద వచ్చేది.

ఫుటింగ్, కాంక్రీటు బ్లాక్ గోడల పని మేస్త్రీలకిచ్చాం. ఫ్లోర్ ఫ్రేమింగ్, అంటే ఫ్లోర్‌ని మోసే చెక్క చట్రం పని, నేనూ మా ఆయనా, ఫ్రేమింగ్ తెలిసిన ఒక స్నేహితుడి సాయంతో చేశాం. నేను చెప్పే అంకెలు అమెరికాలో ఎక్కువ చోట్ల వాడే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లోవి. మీ రాష్ట్రం, మీ కౌంటీ వాటిని మార్చి ఉండొచ్చు కాబట్టి, పర్మిట్ ఆఫీసులో చెప్పేదే మీకు లెక్క.

లెక్క పైనుంచి కిందకి

పాత ఫ్లోర్ ఎన్ని పొరలుందో ముందు తెలియాలి. దానికి ఏదీ పగలగొట్టక్కర్లేదు. ఫ్లోర్‌లో ఏసీ గాలి వచ్చే రిజిస్టర్ మూత పైకి లాగితే, ఆ కన్నం అంచులో పొరలన్నీ కనిపిస్తాయి. డక్ట్ రేకు అడ్డుగా ఉంటే కొంచెం పక్కకి వంచి, టార్చ్ వేసి టేపుతో కొలవండి. మా ఇంట్లో పైన ముప్పావంగుళం ఓక్ చెక్క, దాని కింద ముప్పావంగుళం ప్లైవుడ్ ఉన్నాయి. కొన్ని పాత ఇళ్లలో సన్నటి ప్లైవుడ్ మీద పార్టికల్ బోర్డ్ పొర ఇంకోటి ఉంటుంది. కార్పెట్ ఉన్న ఇంట్లో లెక్క మళ్లీ వేరు.

కొత్త గదిలో కూడా అదే మందం ఓక్ వేస్తున్నాం కాబట్టి రెండు చోట్లా ఓక్ కింద ఉండే షీట్ల (సబ్‌ఫ్లోర్) పైభాగం ఒకే ఎత్తులో ఉంటే చాలు. ఇక అక్కడినుంచి కిందకి దిగండి. కొత్త సబ్‌ఫ్లోర్ షీట్ 23/32 అంగుళం. దాని కింద జాయిస్ట్, అంటే ఫ్లోర్‌ని మోసే దూలం. టూ బై టెన్ జాయిస్ట్ పేరుకే పది, కొలిస్తే 9¼. బ్లాక్ గోడ మీద పరిచే చెక్క, అంటే సిల్ ప్లేట్, 1½. మొత్తం 11 15/32, అంటే దాదాపు పదకొండున్నర. పాత సబ్‌ఫ్లోర్ పైనుంచి పదకొండున్నర అంగుళాల కింద కొత్త బ్లాక్ గోడ పైభాగం ఉండాలి. మేస్త్రీకి ఇవ్వాల్సింది ఈ ఒక్క అంకే.

ఆయనకి దీంతో ఒక చిక్కు ఉంటుంది. బ్లాక్, దాని సిమెంటు కలిపి వరసకి 8 అంగుళాలు. మీ ఎత్తు ఎనిమిది చొప్పున సరిపోవడం అరుదు. అందుకే ఫుటింగ్ పోసే ముందే ఆ ఎత్తు చెప్పాలి. ఫుటింగ్ కొంచెం కిందకో పైకో జరిపి, లేదా పైన 4 అంగుళాల బ్లాక్ ఒక వరస వేసి ఆయన సర్దుకుంటారు. గోడ కట్టాక చెబితే సర్దడానికేమీ మిగలదు.

పాత ఫ్లోర్ కూడా గీత గీసినట్టు ఉండదు. ఏళ్ల తరబడి ఎక్కడో కుంగి ఉంటుంది. లేజర్ పెట్టి గోడ పొడవునా చూసుకోండి. తేడా ఉంటే సగటు తీయకండి, కొత్త గుమ్మం వచ్చే మూడడుగుల చోటునే ప్రమాణంగా తీసుకోండి. మిగతా గోడ వెనక పాత ఫ్లోర్ కాస్త ఎత్తుపల్లాలున్నా ఎవరి కాలికీ తగలదు.

తవ్వే ముందు

పర్మిట్ లేకుండా మొదలుపెట్టకండి. ఇల్లమ్మే రోజున అది బయటపడుతుంది. డ్రాయింగ్ మీద ఇంజనీర్ సంతకం ఉంటే ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడటం తేలిక. తవ్వడానికి కొన్ని రోజుల ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు, కేబుల్ కంపెనీల లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.

ఫుటింగ్ లోతు కనీసం 12 అంగుళాలు. చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో నేల గడ్డకట్టే లోతు దాటి ఇంకా కిందకి వెళ్లాలి. క్రాల్‌స్పేస్‌లో మామూలు చెక్క జాయిస్ట్ అడుగుకీ మట్టికీ మధ్య కనీసం 18 అంగుళాల ఖాళీ, గర్డర్ (జాయిస్ట్‌లని మధ్యలో మోసే పెద్ద దూలం) ఉంటే దానికింద 12 అంగుళాలు ఉండాలి. మా పెరడు ఎత్తుగా ఉండటంతో లోపలి మట్టి తీయించాల్సి వచ్చింది. ఇది గోడలు లేవకముందు చిన్న యంత్రంతో తేలిగ్గా అయ్యే పని. గోడలు లేచాక పార పట్టుకుని వంగి తవ్వాలి. నిజానికి 18 అంగుళాలు మనిషి దూరడానికి చాలా ఇరుకు. రేపు ప్లంబర్ పాకుతూ వెళ్లాల్సిన చోటు అది. వీలుంటే రెండున్నర, మూడడుగులు ఇవ్వండి.

సిల్ ప్లేట్

బ్లాక్ గోడ మీద మొదట నురగ పట్టీ, దాన్ని సిల్ సీల్ అంటారు, దాని మీద ప్రెషర్ ట్రీటెడ్ చెక్క. అరంగుళం యాంకర్ బోల్టులు కాంక్రీటులోకి 7 అంగుళాలు దిగి, ఆరడుగులకి మించని దూరంలో ఉండాలి. ప్రతి ముక్కకీ కనీసం రెండు, చివరల నుంచి 12 అంగుళాల లోపు ఒక్కోటి. బ్లాకుల్లో బోల్టు పెట్టే గదులు కాంక్రీటుతో నిండాయో లేదో మేస్త్రీ ఉండగానే చూసుకోండి.

ట్రీటెడ్ చెక్కలో రాగి మందు ఉంటుంది. అది మామూలు మేకుల్ని తినేస్తుంది. దానికి తగిలే ప్రతి మేకూ, బోల్టూ హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ అయి ఉండాలి.

ప్లేట్ బిగించే ముందు మూలమట్టం చూడండి. 3-4-5 లెక్క మనవాళ్లందరికీ తెలిసిందే. ఒక వైపు 9 అడుగులు, ఇంకో వైపు 12 గుర్తుపెడితే ఐమూల 15 రావాలి. ఆ తర్వాత రెండు కర్ణాలూ కొలిచి సమానమో కాదో చూసుకోవాలి. బ్లాక్ గోడ కాస్త వంకరున్నా ప్లేట్‌ని మూలమట్టంగానే పెట్టండి. గోడ అంచు నుంచి ప్లేట్ పావంగుళం జరిగినా ఏమీ కాదు. మూలమట్టం తప్పితే ఆ తప్పు రూఫ్ దాకా వెంటాడుతుంది.

ఇంటి వైపు లెడ్జర్

కొత్త జాయిస్ట్‌లు ఇంటి వైపు దేని మీద కూర్చోవాలనేది ఇంజనీర్‌తో తేల్చుకోవాల్సిన ముఖ్యమైన విషయం. పాత గోడ పక్కనే కొత్త పునాది వేసి దాని మీద కూర్చోబెట్టడం ఒక పద్ధతి. పాత ఇంటి బ్యాండ్‌కి, అంటే జాయిస్ట్‌ల చివర చుట్టూ తిరిగే చెక్కకి, లెడ్జర్ బోర్డు అనే చెక్క బిగించి, దానికి హ్యాంగర్లతో, అంటే జాయిస్ట్ చివరని పట్టుకునే రేకు తొట్లతో, వేలాడదీయడం ఇంకో పద్ధతి. నేను రెండోదాని వైపే ఉంటాను. కారణం మళ్లీ ఆ గుమ్మమే. కొత్త పునాది మొదటి ఒకటి రెండేళ్లలో కొంచెమైనా కుంగుతుంది. ఇంటి పక్కన వేరే పునాది ఉంటే ఆ కుంగుడు గుమ్మంలో మెట్టులా తేలుతుంది. లెడ్జర్ అయితే గుమ్మం దగ్గర కదలదు. దూరపు గోడ కాస్త దిగినా 12 అడుగుల మీద పరుచుకున్న వాలు ఎవరికీ తెలియదు.

ఇది అన్ని ఇళ్లకీ కుదరదు. పాత పునాది అదనపు బరువు మోయగలగాలి. ఇటుక పలక గోడకి, అంటే బ్రిక్ వెనీర్‌కి, లెడ్జర్ ఎప్పుడూ బిగించకూడదు. అది అలంకారపు గోడ, బరువు మోసేది కాదు. పాత ఇంట్లో ఐ-జాయిస్ట్‌లు (ఫ్యాక్టరీలో చేసే, ఐ అక్షరం ఆకారపు దూలాలు) ఉండి బ్యాండ్ సన్నగా ఉంటే కూడా ఇంజనీర్‌ని అడగకుండా ముట్టుకోకండి.

మా ఇంటి బయటి గోడకి కప్పిన పలకలు, అంటే సైడింగ్, ఫైబర్ సిమెంటువి. ఆ ఎత్తులో సైడింగ్ తీసి, కింద గోడ చట్రానికి కొట్టిన షీతింగ్ అరంగుళం గట్టి షీటే కావడంతో దాన్ని ఉంచేశాం. ఫోమ్ షీటయితే కోసి తీసేయాలి. లెడ్జర్‌కి స్ట్రక్చరల్ స్క్రూలు ఎన్ని, ఎంతెంత దూరంలో అనేది ఇంజనీర్ రాసిచ్చారు. డెక్‌లకి ట్రీటెడ్ లెడ్జర్ వేస్తారని షాపులో మాకూ అదే ఇవ్వబోయారు. అది తడితడిగా ఉంటుంది. రేపు ఇంటి లోపలికి వచ్చే చోటు కాబట్టి ఎండిన మామూలు సదరన్ పైనే చాలని ఇంజనీర్ రాశారు. రూఫ్ పడేదాకా వాన తగలకుండా టార్పాలిన్ కప్పి ఉంచాం.

తడి విషయం ఇక్కడే చెప్పాలి. చెక్క ఎండేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది. ఎక్కువ తేమతో వచ్చిన 9¼ అంగుళాల జాయిస్ట్, ఇంట్లో హీటర్ తిరిగిన ఒక శీతాకాలం తర్వాత దాదాపు పావంగుళం దాకా తగ్గగలదు. పాత ఇంటి చెక్క ఎప్పుడో ఎండిపోయింది, అది అక్కడే ఉంటుంది. కష్టపడి కలిపిన రెండు ఫ్లోర్లు మళ్లీ విడిపోయేది ఇలాగే. అందుకని చెక్క మీద ముద్ర చూసి కొనండి. కేడీ అంటే కిల్న్‌లో, అంటే వేడి బట్టీలో, ఆరబెట్టింది. ఎస్-జీఆర్ఎన్ అని ఉంటే పచ్చిది, వదిలేయండి. పిన్నులు గుచ్చే తేమ మీటర్ ఒకటి కొనుక్కుంటే ఇంకా మంచిది. 15 శాతం దగ్గరున్న ముక్కలు ఏరుకుని, నేలకి తగలకుండా, మధ్య మధ్య పుల్లలు పెట్టి, పైన కప్పి ఉంచాం. జాయిస్ట్‌ల పైభాగం లెక్కకంటే అంగుళంలో పదహారో వంతు ఎత్తుగా పెట్టాం, ఎండాక సరిగ్గా వస్తుందని. ఐ-జాయిస్ట్‌లయితే ఈ కుంచించుకుపోవడం దాదాపు ఉండదు, కానీ అవి 9½ నుంచి మొదలవుతాయి, మొదటి లెక్కంతా మారుతుంది.

జాయిస్ట్‌లు

మావి 12 అడుగుల వెడల్పు దాటే జాయిస్ట్‌లు. మధ్యలో ఖాళీ పదకొండున్నర అడుగుల లోపే. నంబర్ 2 సదరన్ పైన్ టూ బై టెన్, 16 అంగుళాలకొకటి వేస్తే, చదరపు అడుగుకి 40 పౌండ్ల లైవ్ లోడ్ (మనుషులు, సామాను), 10 పౌండ్ల డెడ్ లోడ్ (ఫ్లోర్ సొంత బరువు) మీద 14 అడుగుల దాకా అనుమతి ఉంది. కాబట్టి మధ్యలో గర్డర్ అక్కర్లేదు. కింద పాకే చోటు ఖాళీగా మిగలడం పెద్ద లాభం.

ఒక్క మాట. మనవాళ్లు ఇక్కడ కూడా గ్రానైటో మార్బులో వేయాలని సరదా పడతారు. మామూలు ఫ్లోర్ వంపు హద్దు నిడివిలో 360వ వంతు, సిరామిక్ టైల్‌కి అది సరిపోతుంది. సహజమైన రాయికి 720వ వంతు కావాలి, అంటే రెట్టింపు గట్టిదనం. రాయి వేసేదుంటే జాయిస్ట్‌లు ఎన్నుకునేటప్పుడే చెప్పాలి. తర్వాత వేస్తే పగుళ్లే.

గుర్తులు పెట్టడం నిదానంగా చేయాల్సిన పని. సబ్‌ఫ్లోర్ షీట్ 8 అడుగులు, దాని చివర సరిగ్గా జాయిస్ట్ నడినెత్తిన పడాలి. అందుకని మూల బయటి అంచు నుంచి మొదటి గీత 16 దగ్గర కాదు, 15¼ దగ్గర. గీతకి అవతల వైపు ఇంటూ గుర్తు పెడితే జాయిస్ట్ 15¼ నుంచి 16¾ దాకా కూర్చుంటుంది, మధ్య గీత 16కి పడుతుంది. ఆ తర్వాత 31¼, 47¼, అలా. ఒక్కోటి ముందుదాని నుంచి కొలవకండి, మూల నుంచే టేపు చాచి ఉంచి అన్నీ ఒకేసారి గీయండి. లేకపోతే చిన్న చిన్న తేడాలు కూడిపోతాయి. లెడ్జర్ మీదా, ఎదుటి సిల్ ప్లేట్ మీదా ఒకే మూల నుంచి మొదలుపెట్టాలి.

ప్రతి చెక్కనీ ఎత్తి ఒక కన్ను మూసి అంచు వెంబడి చూడండి. కొంచెం విల్లులా వంగి ఉంటుంది. ఆ ఉబ్బు పైకి రావాలి, బరువు పడ్డాక అది దిగుతుంది. ఉబ్బు మరీ ఎక్కువున్నవాటిని పక్కన పెట్టి, జాయిస్ట్‌ల మధ్య అడ్డంగా బిగించే బ్లాకింగ్ ముక్కలకి కోసుకోండి. గుమ్మం ముందు మాత్రం అన్నిటికంటే తిన్నగా ఉన్నవాటిని ఏరి వేశాం.

సిల్ మీద జాయిస్ట్ కనీసం ఒకటిన్నర అంగుళం కూర్చోవాలి. సిల్‌కి వాలుగా మూడు 8డీ సైజు మేకులు, జాయిస్ట్‌ల చివర అడ్డంగా వచ్చే రిమ్ చెక్క నుంచి జాయిస్ట్ చివరలోకి మూడు 16డీ సైజు మేకులు. లెడ్జర్ వైపు హ్యాంగర్లలో ఉన్న ప్రతి రంధ్రానికీ కంపెనీ చెప్పిన మేకే పడాలి. డ్రైవాల్ స్క్రూలూ డెక్ స్క్రూలూ హ్యాంగర్లకి పనికిరావు, అవి పుటుక్కున విరుగుతాయి. జాయిస్ట్ చివరకీ లెడ్జర్‌కీ మధ్య సందు అంగుళంలో ఎనిమిదో వంతు దాటకూడదు. హ్యాంగర్ అడుగున కొంచెం జిగురు పెట్టి జాయిస్ట్‌ని గట్టిగా కిందకి కూర్చోబెట్టాం. రాత్రిపూట కిర్రుమనే చప్పుళ్లు చాలావరకు వచ్చేది అక్కడినుంచే.

బాత్రూమ్ కింద

కమోడ్ గొట్టం మధ్య గీత, పూర్తయిన గోడకి 12 అంగుళాల దూరంలో ఉంటుంది. అక్కడే జాయిస్ట్ పడితే ప్లంబర్ రంపం తీస్తాడు. ముందే గుర్తుపెట్టి ఆ జాయిస్ట్‌ని కాస్త పక్కకి జరిపాం, పక్కన ఇంకోటి అదనంగా వేశాం. జాయిస్ట్‌లో రంధ్రం దాని లోతులో మూడో వంతు దాటకూడదు, పైనా కిందా అంచులకి 2 అంగుళాలు వదలాలి. 9¼లో మూడో వంతు మూడు అంగుళాల పైన కొద్దిగా. మూడంగుళాల పీవీసీ గొట్టం బయటి కొలత మూడున్నర. అంటే కమోడ్ గొట్టం టూ బై టెన్‌ని అడ్డంగా దాటలేదు, జాయిస్ట్‌ల మధ్య వాటి వెంబడే పోవాలి, లేదా కింద వేలాడాలి. ప్లంబింగ్ డ్రాయింగ్ చూడకుండా జాయిస్ట్‌ల దిశ తేల్చకూడదనేది ఇందుకే. గాట్లు కూడా లోతులో ఆరో వంతు లోపే, నిడివిలో మధ్య మూడో భాగంలో అసలొద్దు.

షవర్‌కి కట్ట లేకుండా నేరుగా నడిచి వెళ్లేలా కావాలనుకున్నాం. స్నానాల గదిలో పీటేసుకుని కూర్చునే అలవాటున్న అత్తయ్యగారికి ఆ కట్ట దాటడమే కష్టం. దానికి షవర్ కింద సబ్‌ఫ్లోర్ రెండు అంగుళాలు దిగాలి, వాలుతో టైల్ పరుపు వేయడానికి. ఆ భాగంలో టూ బై టెన్ బదులు టూ బై ఎయిట్ వేశాం. దాని అసలు లోతు 7¼, అంటే సరిగ్గా రెండు తక్కువ. బలం తగ్గకుండా వాటిని 12 అంగుళాలకొకటి పెట్టాం. ఆ లెక్కన మామూలు బరువు మీద 13 అడుగుల 6 అంగుళాల దాకా వస్తాయి. టైల్, సిమెంటు పరుపు బరువు కలిపితే అది తగ్గుతుంది కాబట్టి ఇంజనీర్ చేత చూపించుకున్నాం. అడుగుభాగాలు అన్నీ ఒకే ఎత్తులో ఉండటంతో సిల్ మీద వేరే పనేమీ పెట్టలేదు. మొత్తం ఇంట్లో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఈ చోటే.

పైన మూసేముందు, మూసేటప్పుడు

సబ్‌ఫ్లోర్ వేయకముందే లోపలున్న చెక్క ముక్కలు, ఫుటింగ్ పలకలు, వేళ్లు, ఆకులు ఏరి బయట పడేయండి. నేల మీద మిగిలిన చెక్క చెదపురుగులకి పిలుపే. చెదల మందు కొట్టించడం, గొట్టాల పరీక్ష, ఇన్‌స్పెక్టర్ చూడాల్సినవి ఏమేమున్నాయో ఇప్పుడే అడిగి పూర్తి చేయించుకోండి. కింద చోటు తక్కువున్న ఫ్లోర్‌ని పైన తెరిచి ఉండగానే చూస్తామనే ఇన్‌స్పెక్టర్లున్నారు.

సబ్‌ఫ్లోర్ 23/32 టంగ్ అండ్ గ్రూవ్ (ఒక అంచుకి నాలుక, ఇంకో అంచుకి గాడి ఉన్న) షీట్లు, జాయిస్ట్‌లకి అడ్డంగా. రిమ్ నుంచి 48 అంగుళాలకి సుద్ద దారంతో గీత (చాక్ లైన్) కొట్టి మొదటి వరస దానికి కలపాలి. నాలుక ఉన్న అంచు రిమ్ వైపు, గాడి లోపలి వైపు ఉంచండి. తర్వాతి షీట్‌ని చెక్క ముక్క అడ్డం పెట్టి సమ్మెటతో కొట్టేటప్పుడు దెబ్బ గాడి అంచు మీద పడుతుంది, నాలుక విరగదు. జిగురు ఒక్కో షీట్‌కి సరిపడానే పూయాలి, ఎండలో అది త్వరగా పొర కడుతుంది. పొట్టి అంచుల మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు సందు వదలండి, వాన తగిలితే ఉబ్బడానికి. అతుకులు వరసవరసకీ మార్చి, చుట్టూ గాట్లుండే రింగ్ షాంక్ మేకులు అంచుల్లో 6 అంగుళాలకి, మధ్యలో 12కి. జాయిస్ట్ తప్పి పక్కన దిగిన మేకుని వదిలేయకుండా పీకేయండి, అది జాయిస్ట్‌కి రాసుకుని చప్పుడు చేస్తుంది.

గోడలు లేవకముందే ఆరడుగుల తిన్నని పట్టీ తీసుకుని ఫ్లోరంతా చూడండి. గుమ్మం వచ్చే చోట లేజర్ పెట్టి పాత సబ్‌ఫ్లోర్‌తో కలిసిందో లేదో సరిచూసుకోండి. ఉబ్బుగా ఉన్న జాయిస్ట్‌ని కింద నుంచి సరిచేయడం ఇప్పుడు ఒక పూట పని.

ఇక కింద తేమ. కొత్త గది పాత క్రాల్‌స్పేస్ గాలి రంధ్రాల్ని ఆ వైపు మూసేస్తుంది. వాటిలో ఒకదాన్ని పెద్దది చేయించి, పైన లింటెల్ వేయించి, రెండు క్రాల్‌స్పేస్‌లనీ కలిపాం. బయటి గోడలో మనిషి దూరే దారి కనీసం 16కి 24 అంగుళాలు ఉండాలి. నేల మీద 6 మిల్ (అంగుళంలో వెయ్యో వంతులు ఆరు) మందం పాలిథిన్, అతుకుల దగ్గర 6 అంగుళాలు ఒకదానిమీదొకటి, గోడ మీదకి కూడా 6 అంగుళాలు ఎక్కించి టేపు వేయాలి. గాలి రంధ్రాలుంచాలా, పూర్తిగా మూసేయాలా అని అడిగితే, ఇక్కడి వేసవి ఉక్కలో నేను మూసేయమనే చెబుతాను. బయటి తడి గాలి లోపలి చల్లటి చెక్కకి తగిలి అక్కడే చెమ్మ కడుతుంది. రాలీలోని అడ్వాన్స్‌డ్ ఎనర్జీ సంస్థ ఇదే రాష్ట్రంలోని ప్రిన్స్‌విల్‌లో 12 ఇళ్లలో కొలతలు తీసి చూసినప్పుడు, మూసిన క్రాల్‌స్పేస్‌లు పొడిగా ఉండటమే కాక ఏసీ, హీటర్ ఖర్చు కూడా తగ్గించాయి. మూయాలంటే తేమ తీసే మెషీన్ గానీ, ఏసీ గాలి గానీ అక్కడికి అందాలి. పాత భాగాన్నీ కలిపే మూయాలి, సగం మూస్తే లాభం లేదు. గోడ లోపలి వైపు ఇన్సులేషన్ వేసేటప్పుడు పైన కొన్ని అంగుళాలు ఖాళీ వదలమంటారు, చెదల దారులు కంటికి కనబడటానికి. ఆ ఖాళీని ఫోమ్‌తో నింపనివ్వకండి.